వాన పాటలు ఇన్ని ఉన్నాయి, తుఫాను పాటలు ఎక్కడ?

దివిసీమ_గాలి

మా సంగీత బృందం ఈ వర్షాకాలంలో అవనిగడ్డలో ఒక సాయంత్రం పాటల కార్యక్రమం పెట్టుకుంటోంది. అంశం 'వాన, గాలివాన'. వాన పాటలు రాయడానికి కూర్చుంటే కాగితం రెండు వైపులా నిండిపోయింది. చిటపట చినుకుల దగ్గర మొదలుపెట్టి వర్షం సినిమా దాకా ఆగకుండా రాసుకుంటూ పోయాం. పక్క కాగితం మీద 'గాలివాన' అని శీర్షిక పెట్టాక కలం కదలలేదు.

మా దివిసీమ సంగతి మీకు తెలుసు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన ఊళ్ళకు ఊళ్ళనే తుడిచిపెట్టింది. ఆ తరువాత 1996లో కోనసీమ, 2014లో హుద్‌హుద్. కోస్తాలో ఏ ఇంట్లో అడిగినా తమ తుఫాను ఏదో చెబుతారు. ఇంత చూసిన మనకు తుఫాను మీద నలుగురూ కలిసి పాడుకునే పాట ఒక్కటి ఎందుకు లేదు? ఉంటే చెప్పండి. లేకపోతే ఎందుకు లేదో మీ ఆలోచన రాయండి.

పాతపాటల_పెట్టె

కార్యక్రమానికి శుభాకాంక్షలు. మొదటి పాట సరైనదే ఎంచుకున్నారు. 'చిటపట చినుకులు పడుతూ ఉంటే' 1964లో వచ్చిన ఆత్మబలంలోది. మాట ఆత్రేయది, బాణీ మహదేవన్‌ది, గొంతులు ఘంటసాల, సుశీలలవి. తెర మీద అక్కినేని, బి. సరోజాదేవి. తరువాతి వాన యుగళగీతాలకు దారి వేసిన పాట అదే అని నా నమ్మకం. వాన వంకతో ఇద్దరు దగ్గరవుతారు, అంతే విషయం. ఆ చిలిపితనానికి ఆత్రేయ ఎక్కడా మర్యాద తప్పనివ్వలేదు.

కొత్తవారు మరచిపోతున్న పాట ఒకటి చేర్చండి. 'కురిసింది వానా నా గుండెలోన', బుల్లెమ్మ బుల్లోడు, 1972, సత్యం సంగీతం. అందులో వాన కురిసేది గుండెలో, జల్లు పడేది చూపుల్లోంచి. పిల్లలతో పాడించడానికి భాగ్యచక్రం (1968) నుంచి 'వాన కాదు వాన కాదు వరదరాజా' బాగుంటుంది. పింగళి, పెండ్యాల జోడీ పని అది.

ఇక గాలివాన కింద ఒకటి నేనిస్తాను. 'గాలివానలో వాన నీటిలో పడవ ప్రయాణం'. స్వయంవరం, 1982. ఇదీ సత్యం బాణీయే, పాడింది ఏసుదాసు. విషాద గీతాల క్యాసెట్ అంటూ ఏది అమ్మినా అందులో ఈ పాట ఉండేది.

దివిసీమ_గాలి

ఆ పాట మా బృందంలో అందరికీ నోటికి వచ్చు. అయితే అది మనసు విరిగిన మనిషి పాట. అక్కడ గాలివాన అతని బతుకుకు పోలికగా వచ్చింది. నేను అడుగుతున్నది నిజం తుఫాను. పైకప్పు లేచిపోయేది, పశువులు కొట్టుకుపోయేది, తెల్లారి పొలంలో ఉప్పునీళ్ళు నిలబడేది.

వేటూరి_వీరాభిమాని

తుఫాను సంగతి తరువాత. వేటూరి లేకుండా వాన పాటల సభ పెడతారా? 'ఆకుచాటు పిందె తడిసె' (వేటగాడు, 1979, చక్రవర్తి సంగీతం) జనాన్ని ఊపేసిన పాట. మూడేళ్ళకు అదే కలం నుంచి నాలుగు స్తంభాలాటలో 'చినుకులా రాలి' వచ్చింది. చినుకు రాలడం, నదిగా సాగడం, వరదగా పొంగడం, ఆ వరసలోనే ప్రేమ పెరిగిపోవడం. నీరు ఎలా నడుస్తుందో పాట కూడా అలాగే నడుస్తుంది. రాజన్ నాగేంద్ర బాణీ కూడా తొందరపడదు. బాలు, సుశీల ఆ పల్లవిని అందుకునే తీరు వింటే ఈ రోజుకీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

మేఘసందేశం వదిలేశారంటే నేను ఒప్పుకోను. 'ఆకాశ దేశాన ఆషాఢ మాసాన' అని ఏసుదాసు ఎత్తుకుంటే మబ్బు కమ్మినట్టే ఉంటుంది. కాళిదాసు యక్షుడు ఆషాఢం మొదటి రోజున మేఘాన్ని చూసి భార్యకు కబురు పంపాడు. వేటూరి ఆ మేఘాన్ని తెలుగు ఆకాశం మీదికి తెచ్చారు. ఆ పాటకు ఏసుదాసుకు, ఆ సినిమా సంగీతానికి రమేశ్ నాయుడికి జాతీయ పురస్కారాలు వచ్చాయి. అందులో చినుకు పడదు, మబ్బు మాత్రమే ఉంటుంది. మీ సభకు అదే ముందు పాట కావాలి.

న్యూజెర్సీ_నాగమల్లి

వేటూరి గారంటే నాకూ ప్రాణమే. ఆకుచాటు పిందె మాత్రం ఊరి సభలో ఆడపిల్లల చేత పాడించవద్దని నా మనవి. మన సినిమాల్లో చాలాకాలం వాన పడిందంటే నాయిక చీర తడపడానికే పడింది. నేల తడిస్తే వచ్చే సంతోషం, బడి వదిలాక తడుస్తూ ఇంటికి పరుగెత్తే సంతోషం, ఇవన్నీ ఆ పాటల్లో మాయమైపోయాయి. నాకు అది చాలా బాధ కలిగించే విషయం.

అందుకే రెండు పాటలను నేను వేరుగా చూస్తాను. గీతాంజలి (1989)లో 'జల్లంత కవ్వింత కావాలిలే'. అదీ వేటూరి పాటే, ఇళయరాజా సంగీతం, చిత్ర గొంతు. ఆ అమ్మాయికి ఎక్కువ కాలం బతకనని తెలుసు. తెలిసీ వానలో గంతులు వేస్తుంది. ఆ సంతోషం ఏ మగవాడి చూపు కోసమూ పుట్టలేదు. రెండోది వర్షం (2004)లో సిరివెన్నెల రాసిన 'నువ్వొస్తానంటే నేనొద్దంటానా'. పల్లవి విన్నవారు ప్రియుడితో అంటోందనుకుంటారు. ఆ అమ్మాయి మాట్లాడుతున్నది వానతోనే. ఇన్నాళ్ళూ నన్ను మరచిపోయి పైన దాక్కున్నావేం అని స్నేహితురాలిని నిలదీసినట్టు వానను నిలదీస్తుంది. దేవిశ్రీ ప్రసాద్ తాళం ఆ అలకకు సరిగ్గా సరిపోయింది. మరుసటి ఏడాది ఆ పల్లవే ఒక సినిమాకు పేరైంది. ఇక్కడ మా తెలుగు సంఘం వేడుకల్లో ఆ పాటకు ఆడని ఆడపిల్ల ఉండదు. వానాకాలం అంటే ఏమిటో చూడని పిల్లలు కూడా ఆ పాటతోనే వానను ఊహించుకుంటారు.

వేటూరి_వీరాభిమాని

ఊరి సభకు ఆకుచాటు పిందె వద్దంటే సరే, మీ మాటలో న్యాయం ఉంది. కానీ దాన్ని జాబితాలోంచి కొట్టేయవద్దు. తప్పెట్ల మోతలాంటి ఆ నడక, ప్రతి పాదానికీ పడే ఆ ప్రాస, పామరుడి నోట నిలిచే మాట, ఇవి చిన్న విద్యలు కావు. తెర మీద ఎలా తీశారన్నది కవి చేతిలో లేని పని.

కృష్ణానగర్_లైట్స్

తీయడం అన్నారు కనుక నేను కలగజేసుకుంటున్నాను. సినిమాల్లో లైటింగ్ పని చేస్తాను. తెర మీద మీరు చూసే వాన చాలావరకు ట్యాంకరు నీళ్ళు. పైన పైపులు కట్టి జల్లు వదులుతాం. కెమెరా వైపు నుంచి లైటు కొడితే చినుకు సరిగా కనిపించదు. వాన వెనక నుంచి లైటు కొడితేనే ఒక్కొక్క చినుకూ వెండి తీగలా మెరుస్తుంది. ఎండ ఉంటే ఆ వాన అబద్ధమని చూసేవారికి వెంటనే తెలిసిపోతుంది. అందుకే వాన పాటలు రాత్రిపూటో, మబ్బు పట్టినప్పుడో తీస్తారు. నటీనటులు గంటల తరబడి నీళ్ళలో నానుతారు. పాట చివరి షాటుకు పెదవులు వణుకుతుంటాయి, అయినా నవ్వుతూనే ఉండాలి. వారి కష్టం గురించి ఎవరూ రాయరు.

తుఫాను తీయాలంటే దీనికి పదింతల పని. పెద్ద ఫ్యాన్లు, ఎగిరే ఆకులు, విరిగే కొమ్మలు, వీటన్నిటి మధ్య నాయిక కొంగు ఎటు ఎగరాలో కూడా చూసుకోవాలి. ఆ ఫ్యాన్ల హోరులో పాట ట్రాకు వినపడక నృత్య దర్శకుడు చేతులతో తాళం చూపించాల్సి వస్తుంది. కాబట్టి తుఫాను కథలో ఒక సన్నివేశంగా వచ్చి పోతుంది. పాట దాకా రాదు. ప్రశ్నకు పూర్తి జవాబు ఇదేనని నేను అనను, ఇదీ ఒక కారణం.

మెతుకుసీమ_మాస్టారు

సినిమా పాటల లోకం బయటికి వస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. మాది మెట్ట ప్రాంతం. మాకు వాన ఎప్పుడూ అడిగి తెచ్చుకోవలసిందే. మృగశిర దాటినా చినుకు పడకపోతే ఊళ్ళో కప్పతల్లిని తీస్తారు. రోకలికి కప్పను కట్టి, వేప మండలు చుట్టి, ఇద్దరు పిల్లలు భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ఆడవాళ్ళు బిందెతో నీళ్ళు కుమ్మరిస్తారు, చేటతో గింజలు పెడతారు. వెనక పిల్లల గుంపు పాడుతూ నడుస్తుంది. 'వానల్లు కురవాలి వానదేవుడా, వరిచేలు పండాలి వానదేవుడా' అన్న పాట తెలుగు నేల మొత్తం మీద ఎక్కడికి వెళ్ళినా వినిపిస్తుంది. దాన్ని రాసిన కవి పేరు ఎవరికీ అక్కరలేదు.

పెద్దలు గుడిలో విరాటపర్వం చదివించేవారు. ధర్మరాజు ఉన్న దేశంలో వానలు వేళకు కురుస్తాయని అందులో భీష్ముడు చెబుతాడు. ఆ మాట మీద నమ్మకంతో కరువు ఊరు మొత్తం కూర్చుని తిక్కన పద్యాలు వినేది. ఇంతకంటే గొప్ప కవి సన్మానం నాకు తెలియదు.

వాన వచ్చాక పాట మారుతుంది. ఏరువాక పున్నమికి ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగు వేసి, నాగలి కడతారు. రోజులు మారాయి (1955)లో కొసరాజు రాసిన 'ఏరువాకా సాగారో' ఆ పండుగ నుంచే వచ్చింది. మాస్టర్ వేణు బాణీ, జిక్కి పాట, వహీదా రెహమాన్ నాట్యం. ఆ బాణీ అయిదేళ్ళకు బొంబాయి సినిమా దాకా వెళ్ళింది.

మీ ప్రశ్నకు నా జవాబు ఇది. మన జానపదంలో వాన పాట ఒక పిలుపు. రమ్మని పిలవడానికి పాడారు, వచ్చినందుకు పాడారు. తుఫానును ఎవరూ రమ్మనరు. పిలవని దానికి పాట ఎందుకు కడతారు?

స్వరపల్లవి

మాస్టారూ, పిలవడానికే కాదు, ఆపడానికీ పాట ఉంది. ముత్తుస్వామి దీక్షితులు ఎట్టయపురం దారిలో ఎండిన పొలాలు చూసి అమృతవర్షిణి రాగంలో 'ఆనందామృతాకర్షిణి' పాడారని సంగీత లోకంలో అందరూ చెప్పుకుంటారు. సలిలం వర్షయ వర్షయ (నీళ్ళు కురిపించు) అనగానే వాన మొదలైందట. కుండపోత ఆగకపోతే స్తంభయ స్తంభయ (ఆపు, ఆపు) అని మళ్ళీ వేడుకున్నారట. నిజంగా జరిగిందా అని నా శిష్యులు అడుగుతారు. ఆ రాగం పాడించి వినమంటాను. అయిదే స్వరాలు. రిషభం, ధైవతం లేవు. గాంధారం నుంచి ప్రతి మధ్యమం (రెండు మధ్యమాల్లో పైది) మీదికి వెళ్ళినప్పుడు గాలిలో ఏదో చల్లబడినట్టే అనిపిస్తుంది. కథ మీద నమ్మకం లేనివారు కూడా ఆ స్వరం మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

కాబట్టి తుఫానుకూ పాట ఉండాలి. ఆగమని అడిగే పాట.

ఉప్పాడ_అలలు

ఇన్నాళ్ళూ చదువుతూ ఉన్నాను, ఈ రోజు రాయాలనిపించింది. మాది వేటకు వెళ్ళే కుటుంబం. మా ఇళ్ళలో తుఫానుకు ఒక ధ్వని ఉంది, అది రేడియో. విశాఖపట్నానికి ఆగ్నేయంగా ఇన్ని కిలోమీటర్ల దూరంలో వాయుగుండం కేంద్రీకృతమై ఉంది అని వార్తలు చదివేవారి గొంతు వినపడగానే మా వీధి మొత్తం మాట ఆపేసేది. రేవులో ఎగరేసే ప్రమాద సూచికలు 1 నుంచి 11 దాకా ఉంటాయి. మూడో నంబరు అంటే ఏం చేయాలో, పదో నంబరు అంటే ఏం జరుగుతుందో మా పిల్లలకు ఎక్కాలకంటే ముందు వచ్చు. అప్పటికి పడవ మీద సముద్రంలో ఉన్నవాళ్ళ ఇళ్ళలో పొయ్యి వెలిగేది కాదు.

తుఫాను మీద పాట లేదని ఇక్కడ అందరూ అనుకుంటున్నారు. ఉంది. పడవ తిరిగి రాని ఇంట్లో ఆడవాళ్ళు రాగం తీసి ఏడుస్తారు. పోయినవాడి పేరు, వాడు కట్టిన పడవ, వాడు తెచ్చిన చేప, వాడు అడిగిన కూర, ఆ రోజు వీచిన గాలి, అన్నీ అందులో వస్తాయి. ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు అందుకుంటారు. దానికి తాళం ఉంది, పల్లవి ఉంది, పాదం చివర మళ్ళీ మళ్ళీ వచ్చే మాట ఉంది. మా పెద్దమ్మ ఏడిస్తే పక్క ఊరి నుంచి కూడా వచ్చి వినేవారు. దాన్ని ఎవరూ పాట అనలేదు, రాసుకోలేదు, రేడియోలో వేయలేదు. పడవ లాగేటప్పుడు పాడే హైలెస్సా మాత్రం సినిమాకు చేరింది, ఎందుకంటే అది హుషారుగా ఉంటుంది.

మా తీరంలోనే కథ నడిచే ఉప్పెన సినిమా 2021లో వచ్చింది. 'నీ కన్ను నీలి సముద్రం' మా పిల్లలందరూ పాడారు, నేనూ పాడాను, చాలా మంచి పాట. పేరు ఉప్పెన అయినా అందులో పొంగేది ప్రేమ. అసలు ఉప్పెన మీద పాట కోసం నేను ఎదురుచూస్తూనే ఉన్నాను.

పాతపాటల_పెట్టె

ఉప్పాడ అలలు గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఒక్క మాట జోడిస్తాను. ఈ మధ్య తుఫాను అన్న పదం సినిమా పాటల్లో బాగానే వినిపిస్తోంది. కేజీఎఫ్ రెండో భాగం (2022)లో 'తూఫాన్' అన్న పాటే ఉంది. అయితే అక్కడ తుఫాను అంటే కథానాయకుడు. వస్తున్నాడు, ఎదురొచ్చినవాళ్ళు ఎగిరిపోతారు, చూసేవారు ఈలలు వేస్తారు. అంటే వానను నాయికకు ఇచ్చి, తుఫానును నాయకుడికి ఇచ్చేశారు. ఆ తుఫాను కింద చిక్కిన మనిషి వైపు నుంచి రాసిన పాట లేదు. దివిసీమ గాలి గారి ప్రశ్న అక్కడే ఉందని నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

వేటూరి_వీరాభిమాని

మంచుపల్లకి (1982)లోని 'మేఘమా దేహమా' ఆ వైపు కొంత దగ్గరగా వస్తుంది. జానకి పాడారు. మెరవవద్దని మేఘాన్ని వేడుకునే పాట అది. ఒక ప్రాణం ఆరిపోతుందన్న భయం అందులో ఉంది. మీ రెండో కాగితంలో దీన్ని రాసుకోండి.

న్యూజెర్సీ_నాగమల్లి

ఉప్పాడ అలలు గారు చెప్పిన ఆ శోకాలను సభలో పాడించాలని మాత్రం అనుకోవద్దండి. ఒక ఇంటి దుఃఖాన్ని వేదిక మీదికి తెచ్చి చప్పట్లు కొట్టించడం నాకు తప్పనిపిస్తోంది. అవనిగడ్డలో మీ ముందు కూర్చునేవారిలో ఉప్పెనలో తమవారిని పోగొట్టుకున్నవారు ఉంటారు.

మెతుకుసీమ_మాస్టారు

అమ్మా, మీ జాగ్రత్త అర్థం చేసుకోగలను. కానీ పల్నాటి వీరుల కథ ఏటా కారంపూడిలో పాడుతున్నారు. అందులోనూ చచ్చిపోయిన కొడుకుల తల్లులు ఉన్నారు. దుఃఖాన్ని ఊరు కలిసి పాడుకోవడం మనకు కొత్త కాదు. చప్పట్లు కొట్టవద్దని ముందే చెప్పవచ్చు. పాడేది ఎవరు, ఎవరి అనుమతితో అన్నదే అసలు ప్రశ్న.

ఉప్పాడ_అలలు

మాస్టారి మాటతో నేను ఏకీభవిస్తాను. మా వాళ్ళు రాగం తీసినప్పుడు చుట్టూ జనం ఉండాలనే కోరుకుంటారు, ఒంటరిగా ఎవరూ అలా ఏడవరు. అయితే దాన్ని నేర్చుకున్న గాయని వచ్చి పాడితే నాకు నచ్చదు. వాళ్ళే పాడాలి, లేదా ఎవరూ పాడకూడదు.

స్వరపల్లవి

నాకూ అదే సబబుగా తోస్తోంది. శోకానికి హార్మోనియం, తబలా పెట్టవద్దు. శ్రుతి కూడా ఇవ్వవద్దు. వాళ్ళ శ్రుతి వాళ్ళకు ఉంటుంది.

దివిసీమ_గాలి

అందరికీ నమస్కారం. నిన్న బృందమంతా కూర్చుని ఈ చర్చను మొదటి నుంచి చదివాం. నిర్ణయించుకున్నది ఇది.

'ఆకాశ దేశాన'తో మొదలు. తరువాత పిల్లలతో వానదేవుడి పాట, వరదరాజా పాట. ఆ వెంటనే ఏరువాక. చిటపట చినుకులు, చినుకులా రాలి, జల్లంత కవ్వింత, నువ్వొస్తానంటే, ఈ నాలుగూ మధ్యలో. యువకులు 'వాన వాన వెల్లువాయె' కావాలని పట్టుబట్టారు. గ్యాంగ్ లీడర్ (1991)లోది పాడతారు, రచ్చ (2012)లోది కాదు. ఆకుచాటు పిందెను వాద్యాల మీద మాత్రమే వాయిస్తాం. మాట లేకుండా ఆ నడక ఎంత బాగుందో వినిపించాలని మా డోలు కళాకారుడి కోరిక.

గాలివాన భాగంలో 'గాలివానలో', 'మేఘమా దేహమా', చివరకు 'ఆనందామృతాకర్షిణి'. దాన్ని స్తంభయ స్తంభయ దగ్గర ఎక్కువసేపు నిలిపి పాడమని గాయనిని అడిగాం, ఒప్పుకున్నారు.

శోకాల విషయంలో తొందరపడటం లేదు. నాగాయలంకలో, కోడూరులో ఉప్పెన నాటి పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి అడుగుతాం. పాడతామంటే వింటాం, రాసుకోమంటే రాసుకుంటాం, సభకు వస్తామంటే ముందు వరసలో కూర్చోబెట్టి మైకు వారికే ఇస్తాం. వద్దంటే అక్కడితో ఆపేస్తాం.

ఉప్పాడ_అలలు

వెళ్ళేటప్పుడు మీ బృందంలోని ఆడవాళ్ళు వెళ్ళండి. మగవాళ్ళ ముందు వాళ్ళు ఎత్తుకోరు. ఫోను బయటికి తీసే ముందు రికార్డు చేయవచ్చా అని అడగండి. పోయినవారి పేర్లు అందులో వస్తాయి కాబట్టి అనుమతి లేకుండా ఇక్కడ గానీ ఇంకెక్కడ గానీ పెట్టవద్దు. మా పెద్దమ్మతో నేను ఈ ఆదివారం మాట్లాడతాను. ఆమె సరేనంటే మీకు సందేశం పంపుతాను. అవనిగడ్డకు బస్సులో తీసుకురావడం నా బాధ్యత.